ఒక్కత

మా ఇళ్ళల్లో ఆడపిల్ల గొంతు కాస్త పైకి లేస్తే వినిపించే మాట ఒకటుంది. "అబ్బో, నాయకురాలు నాగమ్మ బయల్దేరింది!" గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మధ్య, మిరప చేల మధ్య పెరిగినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పై చదువుకి పోతానన్న పిల్లా నాగమ్మే, పెళ్ళిచూపుల్లో ఎదురు ప్రశ్న వేసిన పిల్లా నాగమ్మే. వాటా అడిగిన కూతురు మరీ నాగమ్మ.

మా అమ్మ ఈ మాట పడింది. అమ్మ పెళ్ళి 1984లో. పసుపు కుంకుమల కింద గురజాల వైపు ఎకరం మిరప చేను ఇస్తానని తాతయ్య నోటిమాటగా చెప్పాడు. కాగితం లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. ఏడాది తేడాతో అమ్మ చట్టానికి బయట ఉండిపోయింది. 2005లో కేంద్ర చట్టం మారేనాటికి చేనే చేతులు మారిపోయింది. తాతయ్య పోయాక ఒక పండక్కి అమ్మ ఆ చేను సంగతి ఎత్తితే, మా పెద్ద మామయ్య నలుగురి ముందూ నవ్వుతూనే ఆ మాట అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక స్త్రీ పేరు ఇంత పదునుగా మా హాల్లోకి ఎట్లా వచ్చిందన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అప్పటికి నేను వీరగాథల మీద డాక్టరేట్ కూడా తీసుకున్నాను. నా సిద్ధాంత వ్యాసంలో ఒక వాక్యం ఉంది: "ఈ గాథను పాడేవారు పురుషులు." దానికి ముందు పేరాలో ఛందస్సు, తర్వాత పేరాలో పాఠాంతరాలు. ఆ వాక్యం దగ్గర నన్నెవరూ ఆపలేదు, నేనూ ఆగలేదు. నాగమ్మ మీద ఒక అధ్యాయం రాస్తానంటే మాత్రం ఆపారు. "అది స్త్రీవాదం అవుతుందమ్మా, సాహిత్యం కాదు" అన్నారు ఒక పెద్దాయన. ఆ అధ్యాయం రాయలేదు.

కథ అందరికీ తెలిసిందే గనక తెలిసిన చోటునుంచి కాకుండా ఇంకోచోట నుంచి మొదలుపెడతాను. పల్నాడు అరణంగా వచ్చిన నేల. చందవోలు నుంచి ఏలిన వెలనాటి చోళుల ఆడపడుచు మైలమాదేవిని పెళ్ళాడి అనుగురాజు ఈ సీమను అరణంగా పొందాడని గాథ చెబుతుంది. అంటే రెండు తరాలు కత్తులు దూసుకున్న ఆ నేల మొదట ఒక ఆడపిల్ల పసుపు కుంకుమ. మైలమాదేవి కొడుకు నలగామరాజు గురజాలలో, సవతి కొడుకు మలిదేవరాజు మాచర్లలో. ఒకరి వెనక నాగమ్మ, ఒకరి వెనక బ్రహ్మనాయుడు. కోడిపోరు, ఓడినవారికి ఏడేళ్ళ వనవాసం, గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం వెళ్ళిన అలరాజుకి విషం, ఆపైన 12వ శతాబ్ది చివరి పాతికలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు అందులో చనిపోయాడు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడు. మైలమాదేవిని యుద్ధం నాటికి కథ ఎప్పుడో మర్చిపోయింది.

ఈ యుద్ధానికి కారణం ఎవరు అంటే చిన్నపిల్లవాడు కూడా నాగమ్మ అంటాడు. భర్త చనిపోయిన ఆడది, వ్యవసాయం తెలిసినది, రాజుకు ఆతిథ్యమిచ్చి మాట పుచ్చుకుని మంత్రి అయింది. పుంజును పందెంలో దించింది ఆమె ఒక్కతేనా? చిట్టిమల్లును బ్రహ్మనాయుడు దింపలేదా? పందెం ఇద్దరూ వేశారు. ఓడినవాడు ధర్మాత్ముడయ్యాడు, గెలిచినది కుట్రదారు అయింది. ప్రకాశం వైపు వినిపించే కాటమరాజు కథలోనూ ఇదే తంతు. పుల్లరి ఎగవేత, మేత భూమి, పశువులు అన్నీ కళ్ళెదుట ఉన్నా నెల్లూరు నల్లసిద్ధిరాజుకీ యాదవులకీ తగవు ముదిరింది అతని భోగస్త్రీ పెంపుడు చిలుక వల్లనట.

పల్నాటి గాథ అచ్చులోకి వచ్చిన తీరు కూడా చూడాలి. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద 'పల్నాటి వీర చరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. కొండయ్య, ముదిగొండ వీరభద్రకవి రాసిన భాగాలూ ఉన్నాయి. కానీ పాఠ్యపుస్తకాలకీ నాటకాలకీ సినిమాలకీ ఎక్కింది ఎక్కువగా బాలచంద్రుడి యుద్ధమే. 1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ. 1966లో భానుమతి. ఆ రెండో సినిమాలో బ్రహ్మనాయుడు ఎన్.టి.రామారావు. కూతుళ్ళకు వాటా ఇస్తూ చట్టం తెచ్చిన ముఖ్యమంత్రీ ఆయనే కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వు తెప్పిస్తుంది. కన్నాంబ, భానుమతి ఇద్దరూ ఆ పాత్రను తిట్టుకునేట్టుగా కాక భయపడేట్టుగా చేశారని మా అమ్మమ్మ అనేది. మంచి విమర్శ.

అచ్చుకు బయట గాథ ఇంకోలా బతికింది. కారెంపూడిలో కార్తీక అమావాస్య నాడు మొదలై ఐదు రోజులు వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు - ఒక్కోరోజుకి ఒక్కో పేరు, ఒక్కో ఘట్టం. వీరాచారవంతుల కుటుంబాలు తమ ఇళ్ళల్లో తరాలుగా దాచుకున్న ఆయుధాలు తీసుకుని ఎక్కడెక్కడినుంచో వస్తారు. వాటిని కొణతాలంటారు. నాగులేట్లో కడిగి, పసుపు రాసి వీర్లగుడి దగ్గరకు చేరుస్తారు. వీర్లగుడిలో, అంకాలమ్మ గుడి ముందు, ఏటి ఒడ్డున జనం. మందపోరు నాడు చాపకూడు: అన్ని కులాలూ ఒకే చాప మీద తిన్నారన్న బ్రహ్మనాయుడి కథకు గుర్తు. కళ్ళిపాడు నాడు కొణతాలు పట్టుకున్నవాళ్ళు పూనకంతో పరుగెత్తి నేలకొరుగుతారు. చూస్తున్నవాళ్ళకి అది నటన అనిపించదు. నా పక్కన నిలబడ్డ ఒక ముసలామె "మా నాయన కూడా ఈడే పడేవాడు" అంది. పన్నెండో శతాబ్దం సంగతి చెబుతోందా, నలభై ఏళ్ళ కిందటి సంగతా అని నేను ఒక క్షణం తడబడ్డాను.

కథను పాడేవాళ్ళు వీరవిద్యావంతులు. మాలలు. పంబజోడు, తిత్తి, తాళాలు, ప్రధాన గాయకుడి చేతిలో కత్తి. వంతగాళ్ళు చివరి మాట అందుకుంటారు. పాట, మాట కలిసి నడుస్తాయి. కథ ఏకబిగిన మొదటినుంచి చివరిదాకా పాడటం అరుదు. సందర్భానికి తగిన ఘట్టం పాడతారు: రాయబారం నాడు అలరాజు, మరోనాడు మరొకటి. మొత్తం కథ ఏ ఒక్క రాత్రిలోనూ ఉండదు. అది గాయకుడి లోపల ఒక దారిలాగా ఉంటుంది, ఎక్కడ అడిగితే అక్కడినుంచి నడవగలడు. 1970ల్లో అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ వచ్చి ఆలిసెట్టి గాలేయ్య పాడిన కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు అనువాదంతో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చారు. ఒక దళిత గాయకుడి పాఠం పూర్తి గ్రంథంగా నిలబడటం చిన్న సంగతి కాదు. తెలుగులో తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథల మీద చేసిన పనీ, కాటమరాజు కథలను రెండు సంపుటాలుగా తెచ్చిన పనీ లేకపోతే నా తరం పరిశోధకులకి కాలు మోపే చోటే ఉండేది కాదు.

మౌఖిక గాథలు ఎలా నిలబడ్డాయి అంటే మనం జ్ఞాపకశక్తి గురించి మాట్లాడతాం. అబ్బురపడతాం. ఆ అబ్బురపాటు వెనక చిన్నచూపు కూడా ఉందేమోనని నా అనుమానం. పాడేవాడికి గుర్తుండటం ఒక భాగమే. గాథ నిలవాలంటే దానితో అవసరం ఉన్నవాళ్ళు ఉండాలి. కొణతం దాచిన ఇంటికి తమ పూర్వీకుడు వీరుడని ఏటేటా రుజువు కావాలి. పాడే కులానికి కన్నమదాసు కావాలి. మాల కన్నమదాసు సేనాపతి, బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించినవాడు. ఊరి చివర నిలబెట్టిన కులం నోట ఆ పేరు ఊరి నడుమ, వీరుల గుడి ముందు, పంబ మీద పలుకుతుంది. ఆ పేరు పలికే హక్కును వాళ్ళు ఎనిమిది శతాబ్దాలు కాపాడుకున్నారు. బాలుడి వెంట బ్రాహ్మణుడు అనపోతు, మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి - అందరికీ గాథలో తలా ఒక చోటుంది, తలా ఒక చావుంది.

మరి నాగమ్మతో అవసరం ఎవరికి? ఆమె వంశం లేదు. ఆమె పేర కొణతం మోసుకొచ్చే ఇల్లు లేదు. దాచేపల్లి దగ్గర గామాలపాడులో శివాలయం ఆమె కట్టించిందని చెప్పుకుంటారు, అంతే. ఆమెను గుర్తుంచుకున్నది ఎవరయ్యా అంటే, మా మామయ్య లాంటివాళ్ళు. తిట్టు కూడా ఒక భద్రపరిచే పద్ధతేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఇట్లా అనుకుంటూ ఉండగా క్రీడాభిరామం మళ్ళీ చదవాల్సొచ్చింది. ఏదో సదస్సు కోసం. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న కావ్యం. శ్రీనాథుడిదే అనేవాళ్ళూ ఉన్నారు, ఆ తగవు ఇక్కడ అక్కర్లేదు. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతూ చూసిన వింతలు అందులో కథ. ఒకచోట పల్నాటి వీరుల గాథ పాడుతుండగా వింటారు. ద్రుతతాళం, ద్విపద, యతి కూడిన నడక, అక్షరమక్షరానికీ ఊగిపోతూ అరుస్తున్న కుర్రవాళ్ళు. ఎం.ఏ.లో ఈ పద్యం చదివాను. మౌఖిక ప్రదర్శనకు తొలి సాక్ష్యాలలో ఒకటి అని నోట్సులో రాసుకున్నాను. వాద్యం మోత గురించి, ద్విపద గురించి కింద గీతలు గీశాను. పాడుతున్నది ఎవరో చూడలేదు. ఆ పద్యంలో కర్త ఒకే ఒక మాట: 'ఒక్కత'. ఒక ఆడది.

పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. "ఈ గాథను పాడేవారు పురుషులు" అని రాసిన నా వాక్యం, ఆ పద్యాన్ని ఉదాహరించిన పేజీకి రెండు పేజీల దూరంలోనే ఉంది. పద్యం కళ్ళెదుట పెట్టుకునే ఆ వాక్యం రాశాను. పెద్దాయనలు ఆపిన అధ్యాయం గురించి ఇన్నేళ్ళూ గొణుక్కున్నాను గానీ, ఆమెను తుడిచిపెట్టింది నా చెయ్యి.

ఆ కావ్యంలోనే ఇంకొకచోట జక్కుల పురంధ్రి పాడుతూ వస్తుంది. అంటే కావ్యం రాసినవాడి ఊహకి బజారులో నిలబడి పాడే ఆడది విడ్డూరం కాదు. వీరరసం ఆడగొంతులో పలకడం, దానికి మగపిల్లలు ఊగిపోవడం కూడా విడ్డూరం కాదు. ఆ ఒక్కత ఎప్పుడు వెనక్కి జరిగింది? గాథ ఆరాధనలో భాగమై, ఆరాధన కొన్ని కుటుంబాల హక్కుగా గట్టిపడినప్పుడా? ఓరుగల్లు వీధి గాయని, కారెంపూడి విద్యావంతుడు మొదటినుంచీ వేరువేరు సంప్రదాయాల వాళ్ళా? నేను రెండో వైపే కొంచెం మొగ్గుతాను. కానీ ఏ వైపు మొగ్గినా ఆమె ఉంది అన్నది పోదు.

వెల్చేరు నారాయణరావు 1986లో తెలుగు జానపద వీరగాథల మీద రాసిన వ్యాసంలో, భూమి ఉన్న కులాల గాథలు యుద్ధం చుట్టూ తిరిగితే వర్తక కులాల గాథల్లో స్త్రీ ఆత్మాహుతి కేంద్రంగా ఉంటుందని విడదీసి చూపారు. కన్యక ఒక వైపు, బాలచంద్రుడు ఒక వైపు. ఉపయోగపడే విభజనే. కానీ యుద్ధగాథ లోపల ఆడవాళ్ళు చేసే పని దీనివల్ల కాస్త మరుగున పడుతుంది. బాలుడి బొంగరం తగిలి కాలికి దెబ్బ తగిలిన కోమటి స్త్రీ "నీవాళ్ళంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడతావా" అని అడిగితేనే కదా వాడికి యుద్ధం సంగతి తెలిసింది! పెళ్ళయినా ఏనాడూ గడప తొక్కని మొగుడు చివరిరోజు వస్తే మాంచాల అతన్ని ఆపకుండా కత్తి చేతికిచ్చి పంపింది. పేరిందేవికి అటు తండ్రి నలగామరాజు, ఇటు విషం తాగించబడిన భర్త అలరాజు. కథ కదిలే ప్రతి మలుపులో ఒక ఆడది మాట్లాడుతుంది. మాట్లాడి ఆగిపోతే ఆమె పతివ్రత, మంత్రాంగం నడిపితే నాగమ్మ.

మన దగ్గరే ఇట్లా అనుకోనక్కర్లేదు. సైబీరియాలో బైకాల్ సరస్సు చుట్టూ ఉండే బుర్యాత్‌లకు గెసెర్ అనే పెద్ద వీరగాథ ఉంది. పాడేవాళ్ళని ఉలిగెర్షిన్‌లంటారు. 1906లో జమ్త్సరానో అనే బుర్యాత్ పండితుడు మన్షూద్ ఇమెగెనోవ్ అనే గాయకుడి నుంచి దాన్ని రాసుకున్నాడు. ఇరవై రెండు వేల పై చిలుకు పాదాలు! 1948లో సోవియట్ అధికారులు అది భూస్వామ్య గాథ అని నిషేధం పెట్టి, కొద్ది ఏళ్ళకే వెనక్కి తీసుకున్నారు. కానీ నాకు గెసెర్ కంటే వాళ్ళదే ఇంకో గాథ ఇష్టం. అందులో అలమ్జి మెర్గెన్ అన్నవాడు చనిపోతే చెల్లెలు అగుయ్ గొఖోన్ అతని బట్టలు వేసుకుని, అతని పేరుతో పోటీల్లో నెగ్గి, చనిపోయినవాణ్ణి బతికించగల వధువును గెలుచుకొస్తుంది. వీరుడు పడుకుని ఉంటాడు, వీరత్వమంతా చెల్లెలిది. అయినా కథకి ముందు పేరు అన్నది.

క్రీడాభిరామం తర్వాత మళ్ళీ పల్నాడు వెళ్ళాను. ఈసారి ఆరాధన రోజుల్లో కాదు, ఫిబ్రవరిలో, మిరపకాయ కోతల కాలంలో. అప్పటికి పల్నాడు వేరే జిల్లా అయింది, 2022 ఏప్రిల్ నుంచి. సాగర్ కుడి కాలవ నీళ్ళొచ్చాక మారిన నేల. కళ్ళాల మీద ఎర్రగా పరిచిన కాయలు, ఘాటుకి కళ్ళు మండిపోతున్నాయి. నాకు ముందే తెలిసిన ఒక గాయకుడి ఇంటికి వెళ్ళాను. ఆయన పేరు రాయను. డెబ్బై దాటాయి. నన్ను చూడగానే కుర్చీ వేశారు, తను అరుగు మీద కూర్చున్నారు. ఆయన భార్య నన్ను "అమ్మగారూ" అంది. నేను "పెద్దమ్మా" అన్నాను. ఈ రెండు పిలుపుల మధ్య దూరం ఎంతో ఇద్దరికీ తెలుసు. నేల మీద కూర్చుంటే అది చెరిగిపోతుందని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు కుర్చీలోనే కూర్చున్నాను.

బాలుడు యుద్ధానికి సెలవు తీసుకునే ఘట్టం చెప్పమన్నాను. ఆయన పాటలో కాకుండా మాటగా చెబుతున్నారు. దగ్గొస్తోంది. కాసేపటికి ఆయన మాంచాల ఇంటి దగ్గరికి వచ్చేశారు. పెరట్లో చేటలో తాలుకాయలు ఏరుతున్న పెద్దమ్మ తల ఎత్తకుండానే అంది:

"అట్టా కాదయ్యా. తల్లి దగ్గిర సెలవు అయినాకనే మాంచాల. నువ్వు తల్లిని దాటిపోయావు."

ఆయన ఆగి, "ఆఁ, అవును" అన్నారు. వెనక్కి వెళ్ళి అక్కడినుంచి అందుకున్నారు. ఇంకో రెండుసార్లు ఇదే జరిగింది. ఒకసారి ఆమె మాట అందించలేదు, ఒక చిన్న రాగం తీసింది, అంతే. ఆయనకి దారి దొరికింది. ఇన్నేళ్ళూ ఈ ఇంటికి వచ్చిన రికార్డర్లు, నాదీ కలుపుకుని, అన్నీ అరుగు వైపు తిప్పి ఉన్నవే.

ఆయన మందు వేసుకోడానికి లోపలికెళ్ళినప్పుడు అడిగాను. "నీకు కథంతా వచ్చా పెద్దమ్మా?"

"నాకేడ వొచ్చిద్ది అమ్మగారూ. ఆయన నేర్చుకుంటా ఉంటే ఇన్నా. మా మామ నేర్పిచ్చేవోడు రాత్రిళ్ళు. నేను పొయ్యి కాడ ఉండేదాన్ని."

"ఎప్పుడన్నా పాడావా?"

"ఆడోళ్ళు కత్తి పట్టుకుంటారా?" అని నవ్వింది. తర్వాత, "చేలో పాడతాం. కాయ కోసేటప్పుడు. అది పాడటం కాదుగా."

నాగమ్మ గురించి అడగాలా వద్దా అని తటపటాయించి అడిగాను. చేట పక్కన పెట్టి నాకేసి చూసింది. "ఆయమ్మ మంచిదా చెడ్డదా అంటారేంది అందరూ? ఆయమ్మకి సేద్యం తెలుసు. మంత్రిత్తనం తెలుసు. కోడి గెలిచింది. గెలిచినాక ఇచ్చినమాట తీర్చమంది. మగోడు అడిగితే న్యాయం అంటారు."

రికార్డర్ ఆన్ చేయనా అన్నాను. వొద్దంది. పేరిందేవి దుఃఖం ఒకటి తన చిన్నతనంలో అమ్మ దగ్గర విన్నది ఉందంది. కథలో ఆయన పాడేది వేరే, ఇది వేరే. పాడమని అడిగితే చాలాసేపు కాయలు ఏరుతూనే ఉంది. మొదలుపెట్టింది. గొంతు సన్నగా, పొడిగా ఉంది. ఆయన లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. ఇది నేనెప్పుడూ వినలేదే అన్నారు. యాభై ఏళ్ళ కాపురం.

నాలుగైదు చరణాలయ్యేసరికి రోడ్డు మీద ఆటో హారన్ మోగింది. సాయంత్రం కోతకు కూలీలని ఎక్కించుకునే ఆటో. మేస్త్రీ కేకేశాడు. ఆమె లేచి కొంగు దులుపుకుంది. తలకి గుడ్డ చుట్టుకుంటూ, "మిగతాది రేపు చెబుతా అమ్మగారూ, పొద్దున్నే రండి" అంది.

మర్నాడు ఏడింటికి వెళ్ళాను. అప్పటికే చేలోకి పోయింది. ఎవరి చేనో ఆయనకు తెలీదు.